ఫారంలో స్టార్ గుర్తులు: విశాఖ స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. ఆన్‌లైన్ ఫారాల్లో రాసే పెట్టె కింద "మార్క్‌డౌన్ వాడొచ్చు" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలామంది చూడరు. మార్క్‌డౌన్ అంటే స్టార్లు, చుక్కల్లాంటి మామూలు గుర్తులతోనే రాతని బోల్డ్‌గా, జాబితాగా మార్చుకునే పద్ధతి. ద్వారకానగర్‌లో విద్యార్థులకు అప్లికేషన్లు నింపిపెట్టే మేడం, రుషికొండ నుంచి వచ్చిన డెవలపర్, తెలుగు లెక్చరర్ గారు మనతో ఉన్నారు. మేడం, పిల్లలకి చిక్కెక్కడ వస్తోంది?

నిర్వాహకురాలు: సంవత్సరాల దగ్గరండీ. చదువు వివరాల పెట్టెలో ఒకమ్మాయి మొదటి లైను "2019. డిగ్రీ" అని, దాని కిందే "2022. పీజీ" అని కొట్టింది. సబ్మిట్ చేశాక చూస్తే పీజీ 2020 అని పడింది! ఎంత టెన్షన్ పడిందో.

డెవలపర్: లైను మొదట్లో అంకె, చుక్క, ఖాళీ వరసగా కనిపిస్తే మార్క్‌డౌన్ దాన్ని నంబర్ల జాబితా అనుకుంటుంది. మొదటి అంకె తీసుకుని మిగతావి తనే లెక్కేసుకుంటుంది. చుక్క ముందు బ్యాక్‌స్లాష్ పెడితే ఆగిపోతుంది. ఇలా: 2019\. డిగ్రీ.

యాంకర్: ఇంత తిరకాసు దేనికండీ?

డెవలపర్: సులువు కోసమే తెచ్చారు. 2004లో జాన్ గ్రూబర్ తయారుచేస్తే, ఆరన్ స్వార్ట్జ్ చేయి వేశారు. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ రానివాళ్లు కూడా అటూ ఇటూ రెండేసి స్టార్లు పెట్టి బోల్డ్ చేసుకోవచ్చు.

లెక్చరర్: ఎవరికి సులువు బాబూ? మా విద్యార్థి పద్యం పంపితే నాలుగు పాదాలూ ఒకే లైనులో కలిసిపోయాయి. పాదం ఎక్కడ విరుగుతుందో తెలియకపోతే ప్రాస ఎలా చూడాలి?

డెవలపర్: నిజమే సార్. లైను చివర రెండు ఖాళీలు వదిలి ఎంటర్ కొట్టాలి. కొన్నిచోట్ల ఉత్త ఎంటర్ చాలు. ఈ తేడాలు పోవాలనే 2014లో కామన్‌మార్క్ అని మార్క్‌డౌన్‌కి ఒకే రకం నియమాల పట్టిక వచ్చింది, కానీ అందరూ దాన్ని పాటించరు.

లెక్చరర్: ఇంకోటి. కొటేషన్లతో సహా "విశాఖ"ని స్టార్ల మధ్య పెట్టి, వెంటనే "లో" తగిలిస్తే బోల్డ్ కాలేదు. స్టార్లు అలాగే ఉండిపోయాయి.

డెవలపర్: **"విశాఖ"**లో అని రాసుంటారు. ముగింపు స్టార్లకి ముందు కొటేషన్, వెనక అక్షరం ఉంటే కామన్‌మార్క్ దాన్ని ముగింపుగా ఒప్పుకోదు. ఇంగ్లీషులో మాట తర్వాత ఖాళీ వస్తుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. మన విభక్తులు మాటకి అతుక్కునే వస్తాయి. "**విశాఖ**"లో అని స్టార్లు కొటేషన్ల లోపలికి జరిపితే సరిపోతుంది.

నిర్వాహకురాలు: ఆఖరి రోజు రాత్రి ఫోన్‌లో ఫారం నింపేవాళ్లు ఇవన్నీ నేర్చుకోవాలా సార్? ప్రివ్యూ బటన్ ఇస్తే వాళ్లే చూసి దిద్దుకుంటారు.

డెవలపర్: ప్రివ్యూ ఇవ్వలేని ఫారంలో మార్క్‌డౌన్ పెట్టడం తప్పు మేడం. పేరు, అడ్రసు, చదువు వివరాల పెట్టెల్లో అయితే అసలు అక్కర్లేదు.

లెక్చరర్: వ్యాసం రాసే పెట్టెలో మాత్రం ఉంచండి. అక్కడ ఉపశీర్షికలకి మాకూ పనికొస్తుంది.