పాలసీ ఎవరి దగ్గర ఆగింది? పాత్రధారుల విశ్లేషణ క్లాసులో నేర్పే పద్ధతి

[స్క్రీన్ మీద: ఒక జవాబు పత్రం. "ఈ విధానంలో ముఖ్య పాత్రధారులు: ప్రభుత్వం, ప్రతిపక్షం, మీడియా, స్వచ్ఛంద సంస్థలు, ప్రజలు."]

ఈ జవాబు చూశారా? పాత్రధారులంటే ఒక పాలసీని ముందుకి నెట్టే, ఆపే, దానివల్ల లాభమో నష్టమో పొందే మనుషులు, సంస్థలు. పబ్లిక్ పాలసీ పాఠం చెప్పేవాళ్ళకి ఇది బాగా తెలిసిన జవాబే. సిగరెట్ ప్యాకెట్ల చట్టం గురించి అడిగినా, నీటి పన్ను గురించి అడిగినా, స్కూలు పరీక్షల గురించి అడిగినా ఇవే ఐదు పేర్లు వస్తాయి, అదీ ఇదే వరసలో. ఇందులో తప్పేమీ లేదు, అదే అసలు చిక్కు. తప్పు లేదు కాబట్టి మార్కులు వేసేస్తాం, విద్యార్థి కూడా విశ్లేషణ అంటే ఇంతే కాబోలు అనుకుని వెళ్ళిపోతాడు.

ఈ వీడియో టీచర్ల కోసం, సొంతంగా చదువుకునే విద్యార్థులకీ పనికొస్తుంది. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. "ఎవరెవరున్నారు?" అని అడగడం మానేసి, "ఇది ఎవరి దగ్గర ఆగుతుంది? ఆపడానికి వాళ్ళ చేతిలో ఏముంది?" అని అడగండి. ప్రశ్న మారితే జవాబు పత్రం మొత్తం మారిపోతుంది. ఎలాగో ఒక కేసు పట్టుకుని చూద్దాం.

[స్క్రీన్ మీద: లండన్, స్టాక్‌హోమ్, న్యూయార్క్]

పాలసీ మూడు చోట్లా ఒకటే. నగరం నడిబొడ్డుకి కారులో వస్తే చార్జీ కట్టాలి, దాన్ని కంజెషన్ చార్జ్ అంటారు. ట్రాఫిక్ తగ్గుతుంది, వచ్చిన డబ్బు రవాణాకి వాడుకోవచ్చు. ఆలోచన ఒకటే, వాదనలూ ఇంచుమించు అవే, వ్యతిరేకించిన వర్గాలు కూడా దాదాపు అవే. కానీ లండన్‌లో 2003లో మొదలైపోయింది, స్టాక్‌హోమ్‌లో 2006లో ట్రయల్ నడిచింది, న్యూయార్క్‌లో 2007లో ప్రతిపాదిస్తే 2025 జనవరి దాకా రోడ్డెక్కలేదు. ఎందుకీ తేడా? విద్యార్థులకి ఈ ప్రశ్న వేసి రెండు నిమిషాలు మాట్లాడకుండా ఊరుకోండి. "అక్కడి ప్రజలకి అవగాహన ఎక్కువ సార్" అని ఎవరో ఒకరు అంటారు, కచ్చితంగా అంటారు. అననివ్వండి.

లండన్ సంగతి త్వరగా అయిపోతుంది. 1999లో పార్లమెంటు చేసిన చట్టం లండన్‌కి ఎన్నికైన మేయర్‌ని ఇస్తూనే రోడ్ల మీద చార్జీ పెట్టే అధికారం కూడా ఆయన చేతికి ఇచ్చింది. 2000లో గెలిచిన కెన్ లివింగ్‌స్టన్ దాన్ని వాడుకున్నాడు. ఒక స్థానిక కౌన్సిల్ కోర్టుకెళ్ళింది, ఓడిపోయింది. 2003 ఫిబ్రవరి 17న ఐదు పౌండ్ల చార్జీ మొదలైంది. అంటే ఇక్కడ నిజంగా ఆపగలిగిన చోట్లు రెండే, మేయర్ ఆఫీసు, కోర్టు. మిగతావాళ్ళు ఎంత గోల చేసినా గోలగానే మిగిలింది.

న్యూయార్క్‌కి రండి. 2007లో మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్ దాదాపు ఇదే ప్లాన్ పెట్టాడు. మేయర్ గట్టివాడు, డబ్బున్నవాడు, పత్రికలు చాలావరకు ఆయన వైపే ఉన్నాయి, కేంద్రం 35 కోట్ల డాలర్లకి పైగా ఇస్తానంది. 2008 మార్చి చివర్లో సిటీ కౌన్సిల్ 30-20 ఓట్లతో సరేనంది. అయినా చచ్చింది. ఎందుకంటే ఆ అధికారం నగరానిది కాదు, రాష్ట్రానిది. రాష్ట్ర అసెంబ్లీలో మెజారిటీ పార్టీ సభ్యులు తలుపులేసుకుని మాట్లాడుకున్నారు, బిల్లుని సభలో ఓటింగ్‌కే తేకూడదని తేల్చేశారు. ఓడించలేదు, గమనించండి, అసలు ఓటే పెట్టలేదు. కాబట్టి ఎవరు వ్యతిరేకించారో చెప్పే రికార్డు కూడా లేదు.

క్లాసులో ఇక్కడ ఆగాలి. ఏ పత్రిక చదివినా ఈ కథలో హీరో మేయరే, రోజూ కనిపించేది ఆయనే. కనిపించేవాళ్ళే ముఖ్యులని విద్యార్థి అనుకోవడం సహజం, మనమూ అలాగే అనుకుంటాం. కానీ పని ఆగింది ఎవరూ పెద్దగా చూడని ఒక గదిలో. అందుకే నేనైతే మొదటి అసైన్‌మెంట్‌గా పేర్లు రాయించను, దారి గీయిస్తాను. ఈ ప్రతిపాదన చట్టం కావాలంటే ఏయే బల్లల మీదుగా వెళ్ళాలి, ఒక్కో బల్ల దగ్గర ఎవరి సంతకం కావాలి, ఆ సంతకం పెట్టకుండా ఊరికే కూర్చుంటే ఏమవుతుంది. ఈ మూడోది చాలా ముఖ్యం. ఊరికే కూర్చోవడం కూడా అధికారమే, కొన్నిచోట్ల అన్నిటికంటే పెద్ద అధికారం.

[స్క్రీన్ మీద: న్యూయార్క్, 2019 నుంచి 2025 వరకు టైమ్‌లైన్]

తర్వాత ఏమైందో చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. 2019లో అదే రాష్ట్రం బడ్జెట్‌తో పాటు ఈ చార్జీకి చట్టం చేసింది. మధ్యలో సబ్‌వే రైళ్ళ పరిస్థితి బాగా దిగజారింది, దాన్ని బాగుచేయడానికి డబ్బు కావాలి, అప్పటి గవర్నర్ అటు తిరిగాడు. మళ్ళీ 2024 జూన్‌లో, మొదలు కావడానికి కొన్ని వారాల ముందు, కొత్త గవర్నర్ కాథీ హోకుల్ ఆపేసింది. ఎన్నికలయ్యాక నవంబర్‌లో 15 డాలర్ల చార్జీని 9కి తగ్గించి మళ్ళీ తెచ్చింది. అంతకుముందే 2023లో పక్క రాష్ట్రం న్యూజెర్సీ కోర్టులో కేసు వేసింది, ఎందుకంటే అక్కడివాళ్ళు చాలామంది రోజూ కార్లలో న్యూయార్క్ నడిబొడ్డైన మాన్‌హాటన్‌కి వస్తారు. 2025 జనవరి 5న చార్జీ మొదలైతే, ఫిబ్రవరిలో కొత్త కేంద్ర ప్రభుత్వం పాత అనుమతిని రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది, అదీ కోర్టుకెక్కింది.

ఇప్పుడు ఆ మొదటి జవాబులోని "ప్రభుత్వం" అనే మాట దగ్గరికి వెళ్ళండి. ఈ కథలో ఏ ప్రభుత్వం? మేయర్, సిటీ కౌన్సిల్, అసెంబ్లీ, గవర్నర్, రైళ్ళు నడిపే రాష్ట్ర సంస్థ, కేంద్ర రవాణా శాఖ, పక్క రాష్ట్రం. అన్నీ ప్రభుత్వాలే, ఒకటి ముందుకి నెడుతుంటే ఇంకోటి వెనక్కి లాగుతోంది. అందుకే క్లాసులో ఒక కండిషన్ పెట్టండి: జవాబులో "ప్రభుత్వం" అని రాస్తే ఆ లైన్ కొట్టేస్తాను, ఏ కుర్చీయో చెప్పు. మొదటి వారం విసుక్కుంటారు. తర్వాత వాళ్ళే ఒకళ్ళనొకళ్ళు పట్టుకుంటారు.

స్టాక్‌హోమ్ నాకు బాగా ఇష్టమైన కేసు, అందుకే చివరికి ఉంచుకున్నాను.

2002 ఎన్నికల ముందు అక్కడి సోషల్ డెమొక్రాట్ పార్టీ నాయకురాలు అన్నికా బిల్‌స్ట్రోమ్ ఇలాంటి చార్జీ ఏదీ పెట్టం అని మాటిచ్చింది. గెలిచి మేయర్ అయింది. ఆ తర్వాత అదే చార్జీ ట్రయల్‌ని ఆమె హయాంలోనే నడపాల్సి వచ్చింది. ఏం జరిగింది? అదే సమయంలో దేశ స్థాయిలో కూడా ఎన్నికలు జరిగాయి, సోషల్ డెమొక్రాట్లకి సొంత మెజారిటీ రాలేదు, ప్రభుత్వం నిలబడాలంటే పర్యావరణం గురించి పోరాడే చిన్న పార్టీ గ్రీన్స్ మద్దతు కావాలి. మద్దతు ఇస్తాం, కానీ స్టాక్‌హోమ్‌లో పూర్తి స్థాయి ట్రయల్ పెట్టాలి అని గ్రీన్స్ పట్టుబట్టారు. అంతే. నగరంలో మెజారిటీ జనానికి ఇష్టం లేదు, అధికార పార్టీ నగర శాఖకి ఇష్టం లేదు, మేయర్ ఇచ్చిన మాట ఎదురుగా ఉంది, అయినా కదిలింది, ఎందుకంటే తాళంచెవి ఆ చిన్న పార్టీ చేతిలో ఉంది.

ఇక్కడ విద్యార్థుల చేత రెండు విషయాలు పట్టించండి. ఒకటి, సైజుకీ బలానికీ సంబంధం లేదు, అవతలివాళ్ళకి నీ అవసరం ఎంత అన్నదే లెక్క. రెండు, ఒకే పార్టీ ఇద్దరు పాత్రధారులుగా చీలిపోయింది. దేశ ప్రభుత్వంలో ఉన్న సోషల్ డెమొక్రాట్లకి ప్రభుత్వం నిలబడటం కావాలి, నగరంలో ఉన్నవాళ్ళకి మాట నిలబడటం కావాలి. జెండా ఒకటే, నష్టం వేర్వేరు.

ఇంకా ఉంది. స్వీడన్ చట్టం ప్రకారం ఈ చార్జీ ఒక పన్ను, పన్ను వేసే అధికారం పార్లమెంటుది, కాబట్టి నగరం ఒక్కటే ఏమీ చేయలేదు. చార్జీ వసూలు ఏర్పాటుకి పిలిచిన టెండర్ మీద కోర్టులో గొడవ నడిచింది, దానివల్ల మొదలుపెట్టే తేదీ వెనక్కి జరిగింది. ఏ జాబితాలోనూ ఉండని పాత్రధారి అంటే ఇదే. పాలసీ మీద ఎలాంటి అభిప్రాయమూ లేని, కేవలం కాంట్రాక్ట్ రాలేదని కోపంతో ఉన్న కంపెనీ కూడా నెలలకి నెలలు ఆలస్యం చేయించగలదు. ఎన్నికలు దగ్గరపడుతున్నప్పుడు ఆలస్యం అంటే ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు.

[స్క్రీన్ మీద: 2006 జనవరి 3 – జూలై 31, ట్రయల్ కాలం]

ట్రయల్ మొదలైంది. చార్జీ పడే ప్రాంతం హద్దు దాటి వెళ్ళే వాహనాలు సుమారు 20 శాతం తగ్గాయి. అప్పటిదాకా తిట్టిన పత్రికల స్వరం మెత్తబడింది. జనం అభిప్రాయం కూడా మారింది, సెప్టెంబర్‌లో ఈ ఒక్క ప్రశ్న మీదే జనం ఓటేసిన రెఫరెండంలో నగర ఓటర్లలో సగానికి కొంచెం పైగా సరేనన్నారు. చుట్టుపక్కల మునిసిపాలిటీల్లో కూడా చాలాచోట్ల ఓటింగ్ పెట్టుకున్నారు, అక్కడ మొత్తం మీద వద్దనే అన్నారు. అదే రోజు ఎన్నికల్లో ప్రభుత్వమూ మారింది. వచ్చినవాళ్ళు ట్రయల్‌ని వ్యతిరేకించిన కూటమి, కానీ చార్జీని తీసేయలేదు. డబ్బు ఎటు పోవాలో మార్చారు, కొత్త రోడ్లకి మళ్ళించారు. 2007 ఆగస్టు నుంచి అది శాశ్వతమైంది.

ఇప్పుడు "ప్రజలు" అని రాసిన విద్యార్థిని అడగండి, ఏ ప్రజలు? హద్దు లోపల ఉండేవాళ్ళా, బయటి నుంచి కారులో వచ్చేవాళ్ళా, బస్సులో వచ్చేవాళ్ళా? 2005లో ఉన్న ప్రజలా, 2006లో ఉన్న ప్రజలా? ఇంకో సంగతి, కారు మీద రోజూ చార్జీ కట్టేవాడికి ఆ నష్టం ప్రతి సాయంత్రం లెక్కలో కనిపిస్తుంది, వాడు మీటింగ్‌కి వస్తాడు, ఫోన్లు చేస్తాడు. గాలి కాస్త బాగుపడి లాభపడేవాడికి తను లాభపడ్డట్టే తెలీదు. కొద్దిమందికి పెద్ద నష్టం, ఎక్కువమందికి చిన్న లాభం అయినప్పుడు ఆ కొద్దిమందే సంఘంగా నిలబడతారు. అరుపు ఎంత గట్టిగా ఉందో చూసి ఎంతమంది ఉన్నారో అంచనా వేయకూడదని ఇక్కడే చెప్పేయండి.

[స్క్రీన్ మీద: నాలుగు గళ్ళ పట్టిక, ఒక వైపు బలం, ఒక వైపు ఆసక్తి]

ఈ పట్టిక మీకు తెలిసే ఉంటుంది. ఎవరికి బలం ఎక్కువ, ఎవరికి ఆసక్తి ఎక్కువ అని నాలుగు గళ్ళలో చుక్కలు పెట్టడం. ట్రైనింగ్ క్లాసుల్లో దీన్ని తెగ వాడతారు. నాకు దీనిమీద పెద్ద గౌరవం లేదు, నిజం చెప్పాలంటే. చుక్క ఎక్కడ పెట్టినా అడిగేవాడు ఉండడు, అందంగా ఉంటుంది, చార్టు పేపర్ మీద అంటించేయొచ్చు. వాడాలంటే రెండు షరతులతో వాడండి. ప్రతి చుక్క పక్కన ఒక ఆధారం ఉండాలి: చట్టంలో సెక్షన్, సభలో ఓటు, కోర్టు పిటిషన్, బడ్జెట్ లైన్, ఏదైనా సరే, "అందరికీ తెలిసిందే" మాత్రం ఆధారం కాదు. రెండోది, ఒక పట్టిక కాదు, రెండు తేదీలకి రెండు పట్టికలు గీయించండి. స్టాక్‌హోమ్‌కి 2002, 2006 గీయిస్తే గ్రీన్స్ చుక్క ఎటు కదిలిందో, పత్రికల చుక్క ఎటు వెళ్ళిందో చూసి పిల్లలే వాదులాడుకుంటారు. ఆ వాదులాటే మీకు కావాల్సిన పాఠం.

రోల్‌ప్లే గురించి కూడా ఒక మాట. చాలామంది టీచర్లు గ్రూపులు చేసి నువ్వు మంత్రి, నువ్వు కంపెనీ, నువ్వు ఉద్యమకారుడు అని ఇస్తారు. మంచిదే, కానీ ఐదు నిమిషాల్లో నాటకం అయిపోతుంది, కంపెనీ వేషం కట్టినవాడు మీసం మెలేస్తూ విలన్ డైలాగులు మొదలుపెడతాడు. దీనికి మందు ఉంది. ప్రసంగాలు వద్దనండి. ప్రతి గ్రూపూ ఒక కాగితం మీద నాలుగే రాయాలి: ఈ పాలసీ వస్తే నేను పోగొట్టుకునేది ఏమిటి, ఆపడానికి నా చేతిలో ఉన్నది ఏమిటి, ఎవరు లేకపోతే నేను ఏమీ చేయలేను, దేనికి ఒప్పుకుని పక్కకి తప్పుకుంటాను. నాలుగోది రాసేటప్పుడు విలన్‌గిరీ దిగిపోతుంది, ఎందుకంటే బేరం ఆలోచించాలి. స్టాక్‌హోమ్‌లో కొత్త కూటమి చేసింది అదే కదా, చార్జీ ఉండనీ, డబ్బు రోడ్లకి ఇవ్వు.

అలాగే అమలు చేసేవాళ్ళని మర్చిపోనివ్వకండి. చట్టం పాసైందంటే కథ అయిపోయిందని విద్యార్థులు పెన్ను పెట్టేస్తారు. చలానా ఎవరికి వెయ్యాలి, ఎవరిని వదిలేయాలి, ఏ దరఖాస్తు ముందు చూడాలి అని తేల్చేది కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషి. ఆ మనిషికి కూడా ఆ నాలుగు ప్రశ్నలూ వేయించండి.

ఇక పరీక్ష. అయిపోయిన కేసులు ఇస్తే ఇంటర్నెట్‌లో జవాబు దొరికేస్తుంది, పైగా ఏం జరిగిందో తెలిశాక అంతా అలాగే జరగాల్సినట్టు కనిపిస్తుంది. అందుకే ఇంకా తేలని ఒక ప్రతిపాదన ఇవ్వండి, ఎక్కడిదైనా సరే. సెమిస్టర్ మొదట్లో ఒక్క పేజీ రాయించి తీసుకోండి: ఇది ఎవరి దగ్గర ఆగుతుంది, ఎందుకు, ఏం జరిగితే నా అంచనా మార్చుకుంటాను. తేదీ వేయించండి. సెమిస్టర్ చివర్లో ఆ పేజీ తిరిగిచ్చి, పక్కనే ఇంకో పేజీ రాయమనండి. అంచనా తప్పినందుకు మార్కులు తగ్గించకండి. ఏ పాత్రధారిని తక్కువ అంచనా వేశాడో, ఏ కాగితం చదివి ఉంటే అది ముందే తెలిసేదో రాయకపోతే మాత్రం తగ్గించండి.