తెర లేని ఆండ్రాయిడ్ యాప్‌ను నడపడం, పరీక్షించడం

నమస్కారం. యూజర్‌కు కనిపించే స్క్రీన్ ఒక్కటి కూడా లేకుండా, కేవలం బ్యాక్‌గ్రౌండ్‌లో పనిచేసే ఆండ్రాయిడ్ యాప్‌ను ఎలా నడపాలో, దాని పనితీరును ఎలా పరీక్షించాలో ఈ వీడియోలో చూద్దాం. మన ప్రాజెక్టులో ఉన్నవి రెండే: ఒక ఫోర్‌గ్రౌండ్ సర్వీసు, అంటే నోటిఫికేషన్ చూపిస్తూ స్క్రీన్ లేకుండా నడిచే భాగం; ఫోన్ ఆన్ అయినప్పుడు ఆ సర్వీసును మొదలుపెట్టే ఒక బ్రాడ్‌కాస్ట్ రిసీవర్, అంటే సిస్టమ్ పంపే ప్రకటనలను అందుకునే భాగం. యాక్టివిటీ, అంటే యూజర్‌కు కనిపించే స్క్రీన్, లేదు.

ఆండ్రాయిడ్ స్టూడియోలో రన్ బటన్ నొక్కగానే ‘డిఫాల్ట్ యాక్టివిటీ నాట్ ఫౌండ్’ అన్న ఎర్రర్ వస్తుంది. మన కోడ్‌లో తప్పేమీ లేదు. ఇన్‌స్టాల్ చేశాక తెరవడానికి స్టూడియో ఒక యాక్టివిటీ కోసం వెతికింది, అది దొరకలేదు. రన్ మెనూలో ఎడిట్ కాన్ఫిగరేషన్స్ తెరిచి, లాంచ్ ఆప్షన్స్‌లో ‘నథింగ్’ ఎంచుకోండి. మళ్లీ రన్ చేస్తే యాప్ ఇన్‌స్టాల్ అవుతుంది. కానీ ఫోన్ లాగ్‌లను చూపించే లాగ్‌క్యాట్ చూడండి, మన యాప్ నుంచి ఒక్క లైను కూడా రాలేదు. ఫోన్‌ను రీస్టార్ట్ చేసినా రాదు.

ఈ మౌనానికి కారణం తెలియకపోతే రిసీవర్ కోడ్‌ను గంటల తరబడి తిరగరాస్తూ కూర్చోవలసి వస్తుంది కనుక, దీన్ని కాస్త వివరంగా చెబుతాను. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3.1 నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన ప్రతి యాప్ ‘స్టాప్డ్’ స్థితిలో ఉంటుంది. యూజర్ దాన్ని తెరిచేవరకు, లేదా మరో యాప్ దాని కాంపొనెంటును (సర్వీసు, రిసీవర్ వంటి భాగాన్ని) పేరుపెట్టి పిలిచేవరకు, ఫోన్ ఆన్ అవడం పూర్తయిందని చెప్పే బూట్ కంప్లీటెడ్ వంటి సిస్టమ్ బ్రాడ్‌కాస్టులు దానికి చేరవు. సెట్టింగ్స్‌లో ఫోర్స్ స్టాప్ నొక్కితే యాప్ మళ్లీ అదే స్థితికి వెళుతుంది. మామూలు యాప్‌కు ఐకాన్ మీద ఒక్కసారి నొక్కితే ఈ అడ్డు తొలగిపోతుంది, మన యాప్‌కు ఆ అవకాశమే లేదు. అందుకే ఇలాంటి యాప్‌ను తలపెట్టినప్పుడు, యూజర్ ఫోన్‌లో దీన్ని మొదటిసారి ఎవరు లేపుతారన్నది కోడ్ రాయకముందే తేల్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను. కీబోర్డునో యాక్సెసిబిలిటీ సర్వీసునో యూజర్ సెట్టింగ్స్‌లో ఆన్ చేస్తారు. మనదే మరో యాప్ ఉంటే, అది ఈ సర్వీసుకు బైండ్ కావచ్చు, అంటే నేరుగా కలుపుకుని వాడుకోవచ్చు. ఈ రెండు దారులూ లేనప్పుడు, ఒక చిన్న సెటప్ స్క్రీన్ పెట్టడమే మేలు.

పరీక్ష సమయంలో లేపే పనిని, కంప్యూటర్ నుంచి ఫోన్‌కు కమాండ్లు పంపే ఏడీబీ అనే సాధనంతో మనమే చేస్తాం. ఏడీబీ షెల్‌లో ‘ఏఎం స్టార్ట్-ఫోర్‌గ్రౌండ్-సర్వీస్’ అని రాసి, ప్యాకేజీ పేరు, సర్వీసు పేరు ఇవ్వాలి. యాప్ భాగాలను ప్రకటించే మ్యానిఫెస్ట్ ఫైలులో ఆ సర్వీసుకు ‘ఎక్స్‌పోర్టెడ్’ (బయటివారు పిలవవచ్చా అన్నది చెప్పే) విలువ ఫాల్స్ అయితే, రూట్ (పూర్తి సిస్టమ్ అధికారం) లేని ఫోన్‌లో ఈ కమాండుకు అనుమతి దొరకదు. అసలు మ్యానిఫెస్ట్‌ను ముట్టుకోకుండా, డీబగ్ బిల్డుకు వేరే మ్యానిఫెస్ట్ పెట్టి, అందులో మాత్రమే ట్రూ అని రాయండి. ఎంటర్ కొట్టగానే, సర్వీసు మొదలయ్యేటప్పుడు నడిచే ‘ఆన్‌క్రియేట్’లో రాసుకున్న లాగ్ లైను కనిపించింది కదా. సర్వీసు ఇంకా బతికే ఉందో లేదో ‘డంప్‌సిస్ యాక్టివిటీ సర్వీసెస్’ చెబుతుంది.

అయితే షెల్ నుంచి సర్వీసు మొదలైనంత మాత్రాన, ఫోన్‌లో యాప్ తనంతట తాను దాన్ని మొదలుపెట్టగలదని అనుకోకూడదు. బ్యాక్‌గ్రౌండ్‌లో ఉన్న యాప్ ఫోర్‌గ్రౌండ్ సర్వీసును మొదలుపెట్టడంపై ఆండ్రాయిడ్ 12 గట్టి ఆంక్షలు పెట్టింది. బూట్ కంప్లీటెడ్ అందుకున్న సందర్భం వంటి కొన్నింటికి మాత్రమే మినహాయింపు ఉంది. కాబట్టి షెల్ నుంచి ఒకసారి లేపాక, ‘ఏడీబీ రీబూట్’తో ఫోన్‌ను నిజంగానే రీస్టార్ట్ చేసి, రిసీవర్ దారిలో సర్వీసు మొదలవుతోందో లేదో చూడాలి.

సర్వీసు తొలి లైన్ల దగ్గరే బ్రేక్‌పాయింట్ (కోడ్ ఆగి చూపించే చోటు) కావాలంటే, ‘ఆన్‌క్రియేట్’ మొదట్లో ‘వెయిట్ ఫర్ డీబగ్గర్’ పిలిచి, ఆ తర్వాత స్టూడియో నుంచి అటాచ్ కావాలి. రిలీజ్ బిల్డులో ఆ లైను ఉండకూడదు.

చివరిగా డోజ్, అంటే ఫోన్ వాడకుండా పక్కన పెట్టినప్పుడు బ్యాటరీ ఆదాకు యాప్‌ల పనులను ఆపే స్థితి. కేబుల్ తగిలించి ఉన్నంతసేపు ఫోన్ మామూలుగా డోజ్‌లోకి వెళ్లదు. అందుకని ‘డంప్‌సిస్ బ్యాటరీ అన్‌ప్లగ్’ ఇచ్చి, స్క్రీన్ ఆపి, ‘డంప్‌సిస్ డివైస్‌ఐడిల్ ఫోర్స్-ఐడిల్’ ఇవ్వండి. ఇప్పుడు నెట్‌వర్క్ పిలుపులు, అలారాలు ఆగుతున్నాయో లేదో లాగ్‌లో గమనించవచ్చు. పరీక్ష అయ్యాక ‘అన్‌ఫోర్స్’, ‘బ్యాటరీ రీసెట్’ రెండూ ఇవ్వండి, లేకపోతే చార్జర్ పెట్టినా ఫోన్ బ్యాటరీ మీదే ఉన్నట్టు చూపిస్తుంది.