కళ్ళు సగం మూసి చూడండి
(విజయనగరంలో ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్నవాళ్ళ ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నేను ఫొటోగ్రాఫర్‌ని కాను, బొమ్మలు వేయడం నేర్పేవాణ్ణి. ఏ లెన్స్ కొనాలి, ఏ ఫోన్ మంచిది అని నన్ను అడక్కండి, అవి నాకన్నా మీకే బాగా తెలుసు. బొమ్మ వేసేవాడు కాగితం ముందు కూర్చుని ఏం ఆలోచిస్తాడో అది మాత్రం చెప్తాను. పనికొచ్చింది తీసుకోండి.

సిరిమానుతో, అంటే కొసన పూజారిగారిని కూర్చోబెట్టి ఊరేగించే ఆ పొడవాటి మానుతో మొదలుపెడదాం, ఎందుకంటే ఈ హాల్లో అందరి ఫోన్లలోనూ ఆ ఫొటో ఒకటి ఉండే ఉంటుంది. దసరా వెళ్ళిన మంగళవారం, పైడితల్లి అమ్మవారి గుడి నుంచి కోట దాకా మాను మూడుసార్లు తిరుగుతుంది, కొసన పూజారిగారు కూర్చుని ఉంటారు, కింద ఇసుక వేస్తే రాలనంత జనం. మనమేం చేస్తాం? చెయ్యి పైకెత్తి పూజారిగారి మీదకి జూమ్ చేసి నొక్కేస్తాం. ఇంటికెళ్ళి చూస్తే ఒక చిన్న మనిషి, వెనకాల ఏదో షాపు బోర్డు, అడ్డంగా రెండు కేబుల్ వైర్లు. అక్కడ నిలబడి చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది కదా, మరి ఫొటోలో ఏదీ?

మీ మనసుకి అక్కడ అమ్మవారు, సిరిమాను, పూజారి కనిపించారు. కెమెరాకి ఆ పేర్లు తెలియవు, భక్తి అంతకన్నా తెలియదు. దానికి తెలిసినవి వెలుగు పడ్డ మచ్చలు, చీకటి మచ్చలు, కొన్ని గీతలు. సిరిమాను అంటే దాని లెక్కలో కింద జనం అనే నల్లటి ముద్దలోంచి ఆకాశంలోకి లేచిన పెద్ద ఏటవాలు గీత, కొసన ఒక చుక్క. నిలువు గీత కుదురుగా నిలబడుతుంది, అడ్డగీత పడుకుంటుంది, ఏటవాలు గీత మాత్రం లేస్తోందా పడుతోందా అన్నట్టుంటుంది కాబట్టి చూసేవాడికి కాస్త టెన్షన్ పుడుతుంది. జూమ్ చేసి మీరు కోసేసింది సరిగ్గా ఆ గీతనే! ఫోన్ నిలువుగా పట్టుకుని, మాను రెండు కొసలూ ఫ్రేములోకి వచ్చేంత దూరంలో ఉండి, పూజారిగారి వెనక ఉత్తి ఆకాశం వచ్చేదాకా ఆగి తీయండి. ఆ జనంలో చోటెక్కడ దొరుకుద్ది మాస్టారూ అంటారు, నిజమే, అందుకే పొద్దున్నే వెళ్ళి నిలబడే చోటు చూసిపెట్టుకోవాలి.

ఇప్పుడు అందరూ కళ్ళు సగం మూసి నావైపు చూడండి. పూర్తిగా కాదమ్మా, సగం. చొక్కా గుండీలు, గోడ మీద క్యాలెండర్ అంకెలు అన్నీ పోయి తెల్లటి గోడ, దాని ముందు ఒక ముదురు ఆకారం మిగిలాయి కదా. బొమ్మలు వేసేవాళ్ళు మొదట చూసేది అదే. జపాన్ వాళ్ళ చిత్రకళలో ఈ చీకటి వెలుగుల అమరికని నోటాన్ అంటారు. ఆర్థర్ వెస్లీ డౌ అనే అమెరికన్ డ్రాయింగ్ మాస్టారు 1899లో కాంపోజిషన్ మీద, అంటే బొమ్మలో దేన్ని ఎక్కడ అమర్చాలన్న దాని మీద రాసిన పాఠ్యపుస్తకంలో దాన్ని పాఠంగా పెట్టాడు, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో చిత్రకారులే కాదు ఫొటోగ్రాఫర్లూ ఉన్నారు. మీకైతే ఇంకా సులువు. ఫోన్ కెమెరాలో బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ పెట్టి చూడండి, రంగు మోసం చేయడం మానేస్తుంది. ఎర్ర చీర పచ్చటి చేలో కంటికి గుచ్చుకున్నట్టే ఉంటుంది గానీ ఫిల్టర్ పెడితే రెండూ ఒకే బూడిద రంగు అయిపోవచ్చు. అంటే ఆ ఫొటోని రంగు ఒక్కటే మోస్తోందన్నమాట, కాబట్టి అక్కడ ఇంకో రంగు రానీయకూడదు, పక్కన నీలం ప్లాస్టిక్ బిందె కనిపించిందా, ఫొటో పోయినట్టే.

రూల్ ఆఫ్ థర్డ్స్ గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. ఫోన్లో ఫ్రేముని అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసే గీతల గ్రిడ్ ఆన్ చేసి, ఆ గీతలు కలిసే చోట మనిషిని నిలబెట్టేయడమే ఆర్ట్ అని యూట్యూబ్ నిండా చెప్తున్నారు. ఆ పేరు పెట్టింది జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లండు చిత్రకారుడు, 1797లో. ఆయన బాధ గీతలు కలిసే చోటు గురించి కాదు. ఒకే బొమ్మలో రెండు వెలుగులు సమానంగా ఉండకూడదు, ఒకటి పెద్దరికం చేయాలి, మిగతావి దానికి లోబడి ఉండాలి అని ఆయనకంటే ముందే జాషువా రేనాల్డ్స్ అనే పెద్ద చిత్రకారుడు చెప్పాడు. స్మిత్ దాన్ని కాస్త సాగదీసి, నేలకీ ఆకాశానికీ, వెలుగుకీ చీకటికీ అన్నిటికీ ఒక వంతు, రెండు వంతుల లెక్క పెట్టాడు. అసలు సంగతి ఆ అసమానత. విస్తట్లో అన్నం ఎంతో ఆవకాయ అంతే వడ్డిస్తే ఎవడు తింటాడు? కళింగపట్నం బీచిలో తీసిన ఫొటోల్లో సగం ఇసుక, సగం ఆకాశం, నడిమధ్య సముద్రం గీత, ఎవరి ఫోన్ చూసినా ఇదే. మబ్బులు బాగుంటే ఆకాశానికి మూడొంతులు ఇచ్చేయండి, ఇసుక మీద పడవల నీడలు బాగుంటే ఆకాశాన్ని సన్నటి పట్టీ చేయండి, దేనికో ఒకదానికి ఓటెయ్యండి. అది మూడో వంతా, నాలుగో వంతా అని స్కేలు పెట్టి కొలవక్కర్లేదు. ఆ గీత వంకరగా మాత్రం ఉండకూడదు, సముద్రం ఒలికిపోతున్నట్టుంటుంది.

ఖాళీ అంటే మనకెందుకో భయం. వడ్డాది పాపయ్య గారు 1921లో మన శ్రీకాకుళంలో పుట్టినవారు, చందమామకి ఏళ్ళ తరబడి ముఖచిత్రాలు వేశారు. ముఖచిత్రం వేసేవాడు పైన పత్రిక పేరుకి చోటు వదలాలి, అంటే మనిషిని గీసేముందే ఖాళీని కూడా ఆలోచించాలి. పాత సంచికలు దొరికితే, ఇప్పుడు ఇంటర్నెట్‌లో కూడా దొరుకుతున్నాయి, ఆ బొమ్మల్ని కథ కోసం కాకుండా కళ్ళు సగం మూసి చూడండి. వెలుగు ఎక్కడుంది, మొహం వెనక ముదురు రంగుందా లేత రంగుందా అని ఒక్కో బొమ్మనీ అడగండి. మన అంట్యాకుల పైడిరాజు గారి పల్లెటూరి ఆడవాళ్ళ బొమ్మల్నీ అలాగే చూడండి. ఇలా పది బొమ్మలు చూస్తే వచ్చే చదువు నా ఉపన్యాసంలో రాదు.

ఇక ఖాదీ నేసే పొందూరు. నా దృష్టిలో మన పక్క ఫొటోగ్రఫీకి అంతకన్నా మంచి పాఠశాల లేదు. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారని మీరు వినే ఉంటారు, ఆ ఎముక పళ్ళు అంత సన్నం. తర్వాత రాట్నం మీద నూలు తీస్తారు. అక్కడికెళ్ళి ఫొటోలు తీసినవాళ్ళవి చూస్తే రాట్నం ఉంటుంది, అవ్వ ఉంటుంది, నూలు పోగు మాత్రం కనిపించదు. ఎందుకు కనిపిస్తుంది? తెల్లటి పోగు, వెనక సున్నం కొట్టిన గోడ. లేతదాని మీద లేతది పెడితే మాయమైపోతుంది. రెండడుగులు పక్కకి జరిగి, ఆ పోగు వెనక లోపలి గది గుమ్మం చీకటి వచ్చేలా చూసుకోండి, వెంట్రుకంత పోగు కూడా మెరుస్తుంది. పోగుకి వెలుగు పక్క కిటికీలోంచి రావాలి, మీ వెనక నుంచో ఫోన్ ఫ్లాష్ నుంచో కాదు. పక్క వెలుగైతేనే నేతలో ఎత్తుపల్లాలకి నీడలు పడి, బట్ట బట్టలా కనిపిస్తుంది. ఇంకోటి, తెల్ల బట్ట ఫ్రేము నిండా ఉంటే కెమెరా కంగారు పడుతుంది. వెలుతురు కొలిచే దాని మీటర్ లోకమంతా సగటున బూడిద రంగు అనుకుని లెక్క వేస్తుంది కాబట్టి తెల్ల ఖాదీని మాసిన గుడ్డలా చూపిస్తుంది, అప్పుడు స్క్రీన్ మీద నొక్కి వెలుతురు కాస్త పెంచండి. గుమ్మం చీకటి ఎక్కువ ఉంటే లెక్క తిరగబడుతుంది, అప్పుడు తగ్గించాలి. అన్నిటికన్నా ముందు అడగండి. "ఓ ఫొటో తీసుకోనా అమ్మా" అంటే "తీసుకో బాబూ" అనే అంటారు, అడక్కుండా మొహం మీద ఫోన్ పెడితే ఆ మొహం బిగుసుకుపోతుంది, బిగుసుకున్న మొహానికి ఏ కాంపోజిషనూ సాయం చేయలేదు. మొహం తీసేటప్పుడు మరీ దగ్గరకి వెళ్ళకండి, ఫోన్ మామూలు లెన్స్ వైడు కాబట్టి ముక్కు పెద్దదైపోతుంది, వెనక్కి జరిగి టూ ఎక్స్ జూమ్ పెట్టుకోండి.

టెక్కలి దగ్గర తేలినీలాపురం పక్షుల గురించి ఒక్క ముక్క. శీతాకాలంలో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు చెట్ల నిండా ఉంటాయి, అన్నీ రావాలని చెట్టంతా తీస్తే తెల్లగుడ్డలు ఆరేసినట్టు వస్తుంది. మూడు పక్షుల్ని ఎంచుకోండి. ఒకదాని ముక్కు ఇంకోదాని మెడ మీద పడకుండా, మధ్యలో ఆకాశం సన్నగానైనా కనిపించేదాకా కాచుకోండి. తల మీంచి కరెంటు స్తంభం మొలిచిన పెళ్ళి ఫొటోల జబ్బు కూడా ఇదే, రెండు ఆకారాలు అతుక్కుపోవడం.

ఎవరో అడుగుతున్నారు, తర్వాత క్రాప్ చేసుకోవచ్చు కదా అని. చేసుకోవచ్చు, తప్పేం లేదు. కానీ క్రాప్ అంచుల్ని మారుస్తుంది గానీ మీరు నిలబడ్డ చోటుని మార్చలేదు. గోడ ముందున్న పోగుని గుమ్మం ముందుకి తేవడం ఏ యాప్ వల్లా కాదు. అయ్యేవీ ఈమధ్య వచ్చాయంటారా, వాటి గురించి ఇంకోసారి పోట్లాడుకుందాం.

సరే, నాలుగున్నర అయింది, గంటస్తంభం దగ్గరకి పదండి. 1885లో కట్టిన ఆ స్తంభానికి ఎనిమిది ముఖాలు. మిట్టమధ్యాహ్నం అన్నీ ఒకేలా ఉంటాయి, ఇప్పుడు పడమటి ముఖం మీద ఎండ, దాని పక్కది సగం, ఆ పక్కది నీడ. ఆ మూడు ఛాయలూ విడివిడిగా కనిపించే చోటు వెతుక్కోండి. మరీ కిందకెళ్ళి ఫోన్ పైకెత్తితే స్తంభం వెనక్కి వాలిపోయినట్టు వస్తుంది, దూరంగా ఉండండి. ఒక్కొక్కరూ మూడే ఫొటోలు తీసుకురండి, ముప్ఫై తెస్తే నేను చూడను. రోడ్డు మధ్యలో నిలబడకండి, ఆటోవాళ్ళు మనకోసం ఆగరు.