సంతకం పెట్టమన్నది ఎవరు?

సభాధ్యక్షులకు, జడ్జి గారికి, వేదిక మీది పెద్దలకు, వెనక బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్న జూనియర్లకు నమస్కారం. న్యాయ సేవల దినోత్సవం కదా, ఉచిత న్యాయసహాయం ఇప్పించే 1987 చట్టం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నా ముందు మాట్లాడినవాళ్లు దాన్ని వదల్లేదు. కాబట్టి నేను వేరే సంగతి ఎత్తుకుంటాను, కమిటీ వారు ఏమీ అనుకోవద్దు.

కింది కోర్టులో శిక్ష పడితే అప్పీలు వేస్తాం, అది తేలేదాకా శిక్ష అమలు ఆపమని అడుగుతాం. పాత సీఆర్‌పీసీలో, అంటే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో, ఇది 389వ సెక్షన్. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, 430. ఆపేదీ, షరతులు పెట్టేదీ అప్పీలు కోర్టు. శిక్ష మూడేళ్లకు మించకుండా, ముద్దాయి అప్పటికే బెయిలు మీద ఉంటే, శిక్ష వేసిన కోర్టే అప్పీలు వేసుకునేంత గడువిచ్చి వదలొచ్చు. షరతు మార్చాలన్నా, తప్పాడని రద్దు చేయాలన్నా కోర్టే చేయాలి. పోలీసుల పని? స్టేషన్లో సంతకం పెట్టమని కోర్టు రాస్తే పెట్టించుకోవడం, రాకపోతే రిపోర్టు పంపడం. అంతే.

అంతేనా? వినండి. కూరగాయల వ్యాపారి ఒకాయన నా దగ్గరికొచ్చాడు. కొట్లాట కేసు, ఏడాది శిక్ష. సెషన్స్ కోర్టు నిలుపుదల ఇచ్చింది. మనిషి మాత్రం రోజూ పొద్దున్నే స్టేషన్‌కెళ్తున్నాడు. మార్కెట్లో వేలం పాట జరిగే టైమూ అదే. సరుకు ఎవరో కొనుక్కుపోతే మిగిలిన వంకాయలు ఈయనకి.

“సంతకం పెట్టమన్నది ఎవరయ్యా?”
“రైటరు గారండీ, స్టేషన్లో రాతకోతలు చూసే ఆయన.”
“ఆర్డరులో ఉందా?”
“ఆర్డరు నా దగ్గర లేదండీ, వకీలు గుమస్తా గారి దగ్గరుంది.”

స్టేషన్‌కెళ్లి చూశాను. అది రిజిస్టరు కూడా కాదు, అట్ట మీద సినిమా హీరో బొమ్మున్న రూళ్ల నోటుబుక్కు. ఈయన పేరు తర్వాత ఈయన పేరే, పేజీ నిండా. ఆర్డరు తెప్పించి చూస్తే ఒకటిన్నర పేజీ ఇంగ్లీషు. నెలకోసారి మెజిస్ట్రేటు కోర్టులో కనపడమని ఉంది. స్టేషన్ ఊసే లేదు!

రైటరును తిట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆ ఆర్డరు కట్ట మన వకీలు ఆఫీసులో ఉంది. ముద్దాయికి షూరిటీలు కావాలి, ఇంటి పన్ను రసీదులు కావాలి అన్నీ చెప్పాం. షరతు ఏమిటో మాత్రం చెప్పలేదు.

ప్రొబేషన్ వేరు, కలిపేయకండి. 1958 చట్టం కింద అక్కడ శిక్ష వేయకుండానే బాండు మీద వదులుతారు. ప్రొబేషన్ ఆఫీసరు కనిపెట్టుకుని ఉంటాడు, రిపోర్టిస్తాడు. బాండు తప్పితే మాత్రం తేల్చేది కోర్టే. మొదటిసారికి యాభై రూపాయల దాకా జరిమానాతో సరిపెట్టొచ్చని చట్టంలో ఇప్పటికీ ఉంది! ఇక ప్రభుత్వం శిక్ష తగ్గించి వదిలేది మూడో దారి. అక్కడ షరతులు పెట్టేదీ, రద్దు చేసేదీ ప్రభుత్వం. రద్దయ్యాక వారంటు లేకుండా పట్టుకోవచ్చు. అలాంటిచోట కూడా గుజరాత్ కేసులో “మర్యాదగా మెలగాలి” అన్న షరతు అస్పష్టంగా ఉందని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎవరి మర్యాద, ఎంత మర్యాద? ముందు నోటీసిచ్చి వినకుండా రద్దు చేయకూడదనీ చెప్పింది. ప్రభుత్వానికే అంత కట్టడి ఉంటే, నోటుబుక్కు పెట్టినవాళ్లకు ఎంత ఉండాలి?

చెక్కు బౌన్సు కేసుల్లోనూ ఇదే గోల. అప్పీలు వేస్తే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 148వ సెక్షన్ కింద, కింది కోర్టు వేసిన జరిమానాలో గానీ పరిహారంలో గానీ కనీసం ఇరవై శాతం కట్టమంటారు. అన్ని కేసుల్లో గుడ్డిగా కట్టించక్కర్లేదు, మినహాయించే వీలుందని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. మనం అడిగితే కదా! సరే, గంట కొడుతున్నారు, అది విడిగా చెప్తాను.

జడ్జి గారు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఆర్డరు ఇచ్చే రోజు షరతులు రెండు ముక్కలు తెలుగులో ముద్దాయికి చెప్పించండి సార్. జూనియర్లూ, నకలు రాగానే వెనక తెలుగులో రాసి వాళ్ల చేతిలో పెట్టండి. ఫీజు పెంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఆ వ్యాపారి చివర్లో అడిగాడు: “మరి ఇన్నాళ్లూ పెట్టిన సంతకాలు నెలవారీ వాయిదాలకు లెక్కలోకొస్తాయా సార్?” రావు. ఆ నెలల్లో కోర్టుకు వెళ్లలేదని మెజిస్ట్రేటు నుంచి నోటీసు కూడా వచ్చింది. నోటుబుక్కు జెరాక్సు జతచేసి సంజాయిషీ వేశాం. ఇరవై శాతం సంగతి అడగాలనుకున్నవాళ్లు భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి.