స్టేటస్ ఎవరు చూశారు? – ఫోన్-ఇన్

యాంకర్: హలో, రేడియో సౌండ్ కొంచెం తగ్గించి మాట్లాడండి.

కాలర్ 1: నమస్తే మేడమ్. మా తోడికోడలి గురించండీ. వాట్సాప్‌లో స్టేటస్ పెట్టిన ఐదు నిమిషాల్లో చూసేస్తుంది. ఒక్క మాటనదు. ఎదురుపడితే “ఏంటక్కా విశేషాలు” అంటుంది, ఏమీ తెలియనట్టు.

నిపుణురాలు: చూడ్డానికేగా అమ్మా పెట్టింది?

కాలర్ 1: అది కాదండీ. మొన్న మా బాబుకి ప్రైజొస్తే ఫొటో పెట్టాను. మర్నాడే వాళ్ల పాప ప్రైజు ఫొటో పెట్టింది. అది రెండేళ్ల కిందటిది!

నిపుణురాలు: రెండేళ్ల కిందటిదని మీకెలా తెలుసు?

కాలర్ 1: అప్పట్లో ఫేస్‌బుక్‌లో పెట్టిందిగా. వెనక్కెళ్లి చూశాను.

నిపుణురాలు: (నవ్వుతూ) రెండేళ్లు వెనక్కా! సరే, ఎవరెవరు చూశారన్న లిస్టు రోజుకి ఎన్నిసార్లు తెరుస్తారు?

కాలర్ 1: ఓ పది... పదిహేను సార్లు.

నిపుణురాలు: ఆవిడ ఒక్కసారే చూస్తోంది కదమ్మా.

కాలర్ 1: ఇంతకీ ఎందుకు చూస్తోందంటారు?

నిపుణురాలు: ఒకరి స్టేటస్ అయిపోగానే ఇంకొకరిది దానంతటదే వచ్చేస్తుంది. వేలు నొక్కుకుంటూ పోతుంది, లిస్టులో పేరు పడుతుంది. ఒకప్పుడు ఫేస్‌బుక్‌లో ఎవరి సంగతి కావాలంటే వాళ్ల పేజీకి వెళ్లి చూడాలి. 2006లో ఫేస్‌బుక్ న్యూస్ ఫీడ్ తెచ్చి అందరి సంగతులూ ఒకేచోట కుప్ప పోస్తే, లక్షల మంది గోల చేశారు. ఇప్పుడదే అలవాటైపోయింది.

కాలర్ 1: అయినా ఎందుకు చూస్తోంది మేడమ్?

నిపుణురాలు: అమ్మా, అది ఆవిడనే అడగాలి. మీకు టెన్షన్ తగ్గాలంటే వాట్సాప్ సెట్టింగ్స్‌లో రీడ్ రిసీట్స్, అంటే చూసినట్టు చూపించేది, ఆపేయండి. మీ స్టేటస్ ఎవరు చూసిందీ మీకు కనబడదు, మీరు చూసినట్టు వాళ్లకీ కనబడదు.

కాలర్ 1: అంటే ఆవిడ చూసిందో లేదో నాకు తెలీదా?

నిపుణురాలు: తెలీదు.

కాలర్ 1: అయితే వద్దులెండి.

యాంకర్: థాంక్యూ అండీ. తర్వాతి కాలర్.

కాలర్ 2: ఫేస్‌బుక్‌లో నా ప్రొఫైల్ ఎవరు చూశారో చెప్పే యాప్ ఒకటుంది మేడమ్, లాగిన్ అడుగుతోంది...

నిపుణురాలు: ఇవ్వద్దు. ఫేస్‌బుక్‌లో ఆ సౌకర్యమే లేదు, వేరే యాప్ ఎక్కణ్ణించి తెస్తుంది? ఉద్యోగాల సైటు లింక్డిన్‌లో అయితే వాళ్లే చూపిస్తారు. పాస్‌వర్డ్ ఏ యాప్‌కీ ఇవ్వద్దు. ఇచ్చేశారా?

కాలర్ 2: నిన్న...

నిపుణురాలు: ఫోన్ పెట్టేసి ముందు పాస్‌వర్డ్ మార్చండి. వెంటనే!

యాంకర్: తర్వాతి కాలర్.

కాలర్ 3: ఒకమ్మాయి ఇన్‌స్టా స్టోరీలు వేరే పేరుతో అకౌంట్ పెట్టి చూస్తున్నాను. నేనని తెలుస్తుందా?

నిపుణురాలు: మీ అసలు అకౌంట్‌ని బ్లాక్ చేసిందా?

కాలర్ 3: చేసింది.

నిపుణురాలు: అయితే తెలుస్తుందా లేదా అని కాదు బాబూ, అది వెంటపడటం. ఆ అకౌంట్ తీసెయ్యి. మళ్లీ చెబుతున్నా, పాస్‌వర్డ్ ఎవరికీ...

యాంకర్: మేడమ్, మొదటి కాలర్ మళ్లీ లైన్లో ఉన్నారు.

కాలర్ 1: ఒక్క మాటండీ. ఆవిడకి మాత్రం స్టేటస్ కనబడకుండా చేస్తే ఆవిడకి తెలుస్తుందా?

నిపుణురాలు: ఫోన్ చెప్పదమ్మా. మీ బంధువులు చెప్తారు.