అట్టపెట్టెలో చుట్టిన పట్టు: డెల్ఫోస్ గౌను తొడిగే తీరు

సభకు నమస్కారం.

పాత దుస్తుల మధ్య టోపీలు పెట్టుకునే చిన్న గుండ్రటి అట్టపెట్టె ఒకటి దొరికిందనుకుందాం. మూత తీస్తే అందులో, పిండిన తర్వాత ఆరవేయడం మరిచిపోయిన బట్టలాగా, మెలిపెట్టి చుట్టిన పట్టు ఉండ ఒకటి ఉంటుంది. మెలి విప్పితే అది సన్నటి నిలువు మడతలతో గొట్టంలా సాగే పొడవాటి గౌను. దానికి నడుము ఎక్కడో తెలియదు, ముందుభాగమేదో వెనకభాగమేదో వెంటనే పోల్చుకోలేం. మెడ భుజాల మీంచి జారిపోయేంత వెడల్పుగా ఉంటుంది, పొడవు తొడుక్కునే మనిషి ఎత్తును మించిపోతుంది, అతుకుల వెంట గాజుపూసలు వేలాడుతుంటాయి. కుట్టు తెలిసినవారెవరైనా మొదట అనుకునేది, ఎవరో కొలతలు తప్పి కుట్టారనే. ఇది వెనిస్‌లో తయారైన డెల్ఫోస్ గౌను. దీన్ని ఎలా తొడుక్కోవాలని ఉద్దేశించారన్న ఒక్క ప్రశ్నకే ఈనాటి నా ప్రసంగాన్ని పరిమితం చేసుకుంటున్నాను.

తయారీదారుల గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. మరియానో ఫోర్చూనీ 1871లో స్పెయిన్‌లోని గ్రనడాలో పుట్టి, వెనిస్‌లో స్థిరపడిన చిత్రకారుడు, రంగస్థల దీపాల వ్యవస్థలో కొత్త పద్ధతులు కనిపెట్టినవాడు. ఆయన జీవిత సహచరి, తర్వాత భార్య అయిన ఆన్రియెట్ నెగ్రాన్‌తో కలిసి సుమారు 1907 నుంచి ఈ గౌన్లు తయారు చేయించాడు. 1909లో పారిస్‌లో పేటెంటు తీసుకున్నాడు. ఆ పేటెంటు పత్రం మీద ఆయనే స్వయంగా, దీన్ని కనిపెట్టినది ఆన్రియెట్ అనీ, తొందరలో తన పేరున నమోదు చేయించాననీ రాసుకున్నాడు. గౌను గురించి మాట్లాడేటప్పుడు ఆవిడ పేరు ఇప్పటికీ రెండో వరసలోనే వినిపించడం నాకు నచ్చని విషయం. 1949లో ఆయన మరణంతో ఈ గౌన్ల తయారీ ఆగిపోయింది.

ఇక మన ప్రశ్నకు వద్దాం. చాలామంది మొదట పేరును పట్టుకుంటారు, నా దృష్టిలో అక్కడే దారి తప్పుతారు. 1896లో గ్రీసులోని డెల్ఫీలో ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞులకు తవ్వకాల్లో రథసారథి కంచు విగ్రహం ఒకటి దొరికింది. నిలువు మడతలతో కిందికి జారే అతని అంగీయే ఈ గౌనుకు ప్రేరణ, పేరు కూడా అక్కడిదే. అయితే ఆ సారథి అంగీకి నడుము పైన బిగించి కట్టిన పట్టీ ఉంది, భుజాల చుట్టూ తిప్పిన తాడు ఉంది, కింద అతని పాదాలు చక్కగా కనిపిస్తాయి. రథం తోలేవాడికి బట్ట ఎగరకూడదు, కాలికి అడ్డం రాకూడదు. ఆ విగ్రహాన్నే నమూనాగా తీసుకుని గౌనును ఎత్తుగా బిగించి కట్టి, పాదాలు కనబడేలా అంచును పైకి మడిస్తే, వెనిస్‌లో తయారైన దుస్తు పోయి నాటకాల వేషం మిగులుతుంది. కాబట్టి విగ్రహాన్ని పక్కనపెట్టి గౌనునే అడగాలి, అందులోనూ మనకు లోపాలుగా తోచిన చోట్లనే అడగాలి.

మొదటిది మడతలు. మనకు చీర కుచ్చిళ్లు తెలుసు. వాటిని కట్టుకునే మనిషి ప్రతిసారీ తన చేత్తో పోసుకుంటుంది, విప్పగానే అవి పోతాయి. డెల్ఫోస్ మడతలు కార్ఖానాలో ఒక్కసారి పడి, పట్టులోనే నిలిచిపోయినవి. వాటిని పరీక్షగా చూస్తే ఒకదానికొకటి సరిగ్గా సమానంగా ఉండవు, చేతిపనికి సహజమైన చిన్న చిన్న తేడాలు కనిపిస్తాయి. మడతలు నిలువుగా ఉన్నందువల్ల బట్ట అడ్డంగా సాగుతుంది, మళ్లీ ముడుచుకుంటుంది. అందుకే ఈ గౌనుకు నడుము కత్తిరింపు అక్కర్లేదు: ఛాతీ దగ్గర, తుంటి దగ్గర మడతలు తెరుచుకుంటాయి, నడుము దగ్గర మూసుకుంటాయి, శరీరమే దానికి ఆకారం ఇస్తుంది. దండెం మీద వేలాడదీసినప్పుడు అది జీవం లేని గొట్టంలా కనబడటానికి కారణం ఇదే.

రెండోది మెడ. వెడల్పాటి ఆ మెడ అంచు లోపల సన్నటి పట్టుతాడు ఉంటుంది. లంగా బొందు ఎరిగిన మన ఆడవాళ్లకు దాని పని ఎవరూ చెప్పనక్కర్లేదు. బొందు వదులు చేసి గౌనును తలమీదుగా వేసుకుని, తర్వాత తనకు కావలసినంత బిగించుకోవాలి. భుజం ఎంత కనబడాలన్నది దర్జీ నిర్ణయించలేదు, తొడుక్కునే మనిషికే వదిలేశారు. చేతుల పైఅంచుల్నీ చాలా గౌన్లలో కుట్టి మూయలేదు. తాడుతో అక్కడక్కడా కలిపారు, ఆ కలిపిన చోట్ల మడతల మధ్య నుంచి చర్మం కొద్దికొద్దిగా కనిపిస్తుంది.

మూడోది పూసలు. వీటిని అలంకారమని కొట్టిపారేసి, కొన్ని ఊడిపోతే ఏమైందని ఊరుకునేవారున్నారు. వెనిస్ పక్కనే ఉన్న మురానో ద్వీపంలో చేసిన ఈ గాజుపూసలు అందంగానే ఉంటాయి, కానీ వాటి అసలు పని బరువు. గాలి వీచినా పైకి లేచేంత తేలికపాటి పట్టును అతుకుల వెంట కిందికి లాగి, మడతల్ని నిలువు గీతలో నిలబెట్టేవి ఇవే. గౌను పైన జాకెట్టులా అమరిన పొట్టి పైవస్త్రంతో వచ్చే రకం ఒకటి ఉంది, దాన్ని పెప్లోస్ అంటారు. దాని పక్కల కొసలు కోణాలుగా కిందికి దిగుతాయి, అక్కడా పూసల బరువు ఉంటుంది. ఆ కొసలు ముందూ వెనకా కాకుండా రెండు పక్కలకూ రావాలన్న సంగతి, పూసలున్న చోటును బట్టే తెలుస్తుంది.

అందరినీ ఎక్కువగా తికమక పెట్టేది పొడవు. అంచు పాదాల్ని కప్పి, నేల మీద చుట్టూ పరుచుకుంటుంది. ఇలాంటి దాన్ని చూడగానే కత్తెర అందుకోవాలనిపించడం సహజం. 1917లో అమెరికాలో అచ్చయిన ఒక పుస్తకంలో, పత్రికాధిపతి కాండే నాస్ట్ భార్య ఫోర్చూనీ గౌను తొడుక్కున్న ఛాయాచిత్రం ఉంది. దాని కింది వివరణ పైవస్త్రం లేదని చెబుతుంది, శరీరాన్ని అంటి పొడుగాటి గీతలుగా నేలదాకా జారిందని చెబుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా దాన్ని ‘టీ గౌను’ అంటుంది. ఆ ఒక్క మాటలో పొడవు చిక్కు విడిపోతుంది. నడుమును బిగించడానికి ఊచలు పెట్టి కుట్టిన కార్సెట్లనే లోదుస్తులు వేసుకునే కాలంలో, సాయంత్రం టీ వేళ ఇంట్లోనే ఉండి దగ్గరి స్నేహితుల్ని పలకరించేటప్పుడు మాత్రమే స్త్రీలు వదులుగా తొడుక్కునే దుస్తు టీ గౌను. వీధి నడక లేదు, బండెక్కడం లేదు. కూర్చోవడం, నిలబడటం, తివాచీ మీద నాలుగడుగులు వేయడం, అంతే. నిలబడినప్పుడు అంచు పాదాల చుట్టూ విచ్చుకున్న పువ్వులా పరుచుకోవాలి. దాన్ని కత్తిరిస్తే మడతలు విచ్చుకునే చోటే లేకుండా పోతుంది.

లోపల కార్సెట్ వేసుకోవాలా అన్న సందేహానికీ సమాధానం ఇందులోనే దొరికింది. వేస్తే దాని ఊచలన్నీ పైకి కనబడతాయి, మడతలు శరీరాన్ని వెతుక్కోలేవు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కార్సెట్ వాడకం తగ్గినకొద్దీ ఇదే గౌను ఇల్లు దాటి విందులకూ వెళ్లింది. నాట్యకారిణి ఇసడోరా డంకన్ వంటివారు తొడుక్కున్నారు. అందువల్ల ‘సరైన పద్ధతి’ ఒక్కటే అని పట్టుపట్టడం నాకు సమ్మతం కాదు. తొలినాటి గౌనుకు ఇంటి నియమాలు వర్తిస్తాయి, తర్వాతి దానికి బయటి నియమాలు. గౌనుతోపాటు వచ్చే సన్నటి అచ్చుల పట్టు నడికట్టు విషయంలోనూ అంతే: కట్టుకోవచ్చు, మానవచ్చు, కడితే మడతలు నలగనంత వదులుగా ఉండాలి.

భుజాల మీద ఏం వేసుకునేవారన్నదానికి ఫోర్చూనీ ఇచ్చిన సమాధానం క్నోసోస్ శాలువా. క్రీటు ద్వీపపు ప్రాచీన ఆకృతుల్ని అచ్చొత్తిన ఈ పొడవాటి దీర్ఘచతురస్రపు పట్టుబట్టను 1906లో పారిస్‌లో ఒక నృత్య ప్రదర్శనలో మొదట వాడారు. దానికి కుట్టు లేదు, కత్తిరింపు లేదు. భుజం మీద వేసుకోవచ్చు, నడుముకు చుట్టుకోవచ్చు, తలమీదుగా కప్పుకోవచ్చు. చీర కట్టే దేశం నుంచి చూసేవారికి ఇందులో వింతేమీ కనిపించదు.

చివరగా ఆ అట్టపెట్టె. మన బజార్లలో ముడతల చున్నీలను తాడులా మెలిపెట్టి అమ్మడం చూసినవారికి గౌనును అలా ఎందుకు చుట్టారో అర్థమయ్యే ఉంటుంది. పరిచి ఉంచినా, వేలాడదీసినా, ఇస్త్రీ చేసినా మడతలు విడిపోతాయి, తడిస్తే మరీ. అలా పాడైనవాటిని కొన్నవారు తిరిగి ఫోర్చూనీ కార్ఖానాకే పంపి మడతలు వేయించుకునేవారు. ఇప్పుడు ఆ సదుపాయం లేదు, ఆ పద్ధతి పూర్తి రహస్యం కార్ఖానాతోనే పోయింది. అందుకే ఇలాంటి గౌను ఎవరింట్లోనైనా బయటపడితే, తొడుక్కుని చూడాలన్న ఉబలాటాన్ని ఆపుకుని, అదే పొడవు పలుచని బట్టతో ఒక నకలు కుట్టించి ముందు దాన్ని తొడిగి చూడమని నా మనవి. బొమ్మకు అసలు గౌనునే తొడిగే మ్యూజియం వారైతే, బొమ్మను కాస్త ఎత్తైన పీట మీద నిలబెట్టి, అంచు పరుచుకోవడానికి పాదాల చుట్టూ తగినంత చోటు వదలాలి.