కరపత్రానికి గీతల కాగితమా?

తోటి ఉపాధ్యాయులందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల పేర్లు వరసగా చదవమని చీటీ ఇచ్చారు గానీ ఇప్పటికే ముగ్గురు చదివేశారు, నేనూ మొదలుపెడితే భోజనాలు చల్లారిపోతాయి, పెద్దలు మన్నించాలి.

నాకిచ్చిన అంశం, తరగతి గదిలో డిజిటల్ సాధనాలతో బహుమాధ్యమ రచన, అంటే రాతతో పాటు బొమ్మ, గొంతు, వీడియో కలిపి చెప్పడం. 1996లో న్యూ లండన్ గ్రూప్ అని కొందరు పండితులు ఒక వ్యాసం రాశారు. అర్థం చెప్పేది ఒక్క అక్షరమే కాదు, బొమ్మ, శబ్దం, అభినయం, ఏది ఎక్కడ ఉందన్నది కూడా అని దాని సారం. నిమ్మలకుంట తోలుబొమ్మలాట చూసినవాళ్లకీ, చేర్యాల బొమ్మల పటం ముందు కూర్చుని కథ విన్నవాళ్లకీ ఇది కొత్తగా చెప్పాలా? సిద్ధాంతం అక్కడితో వదిలేద్దాం. నా గొడవ వేరే ఉంది.

తెలుగు పరీక్షలో సృజనాత్మకత కింద "కరపత్రం తయారుచేయండి" అని అడుగుతాం కదా. పిల్లలు ఏం రాస్తారో మీకు తెలుసు. మధ్యలో "కరపత్రం" అని శీర్షిక, కింద "ప్రియమైన ప్రజలారా!", ఆ తర్వాత పేరాల మీద పేరాలు, చివర్లో "ఇట్లు". ఇలాంటి కాగితం బస్టాండులో ఎవరైనా మన చేతిలో పెడితే చదువుతామా? బజ్జీల పొట్లానికి పనికొస్తుంది. మా బడి పిల్ల ఒకతి డెంగీ మీద రాయమంటే సగం పేజీ నిండా "ఈ శుక్రవారం మీ కూలర్ చూశారా?" అని రాసి, కూలర్ బొమ్మ వేసి, కింద మూడంటే మూడు వాక్యాలు పెట్టింది. దిద్దినవారు ఎర్ర సిరాతో "విషయం తక్కువ" అని రాసి సగం మార్కులు కోశారు. ఎవరు దిద్దారో చెప్పను, ఆ కోపం మాత్రం నాకింకా తగ్గలేదు. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి చెప్పేది ఆ ఒక్క ముక్కే కదండీ! గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు, అందుకే వారానికోసారి నీళ్లు పారబోయమంటారు. ఆ పిల్ల విషయాన్ని తగ్గించలేదు, ఏది పెద్దగా కనపడాలో తేల్చుకుంది.

ఇక యంత్రాల సంగతి. మన ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల గదుల్లో ఐఎఫ్‌పీలు, అంటే వేలితో తాకితే పనిచేసే పెద్ద తెరలు పెట్టారు, 2022 డిసెంబర్‌లో 8వ తరగతి పిల్లలకి ట్యాబ్‌లు పంచారు, సంతోషం. కానీ వాటిలో మనవాళ్లు చూస్తున్నారు, వింటున్నారు, తమంతట తాము చేసేది ఎంత? వీడియో పాఠం ఆన్ చేసి రిజిస్టర్ రాసుకునే మాస్టార్లు ఇక్కడ ఎవరూ లేరనే అనుకుంటున్నాను. నవ్వకండి.

మా దగ్గర గుంపుకి ఒక్క ఫోనే ఇస్తాం, అదీ కాగితం మీద రాసి చూపించాకే. పేజీని నిలువుగా రెండుగా మడిచి, ఎడమవైపు కనపడేది, కుడివైపు వినపడేది రాయాలి. డెంగీ మీద నిమిషం వీడియో చేసినప్పుడు "నీరు నిల్వ ఉంచరాదు" అని రెండు వైపులా రాసుకొచ్చారు. ఒకడు లేచి, "గొంతు చెప్తోంది కదా సార్, మళ్ళీ తెర మీద రాయడమెందుకు?" అన్నాడు. నేను మూడు పీరియడ్లు చెప్పినా ఎక్కేది కాదు ఆ ముక్క! ఆ అక్షరాలు తీసేసి కూలర్ అడుగున నీళ్లలో మెలికలు తిరిగే పురుగుల్ని దగ్గరగా తీసి పెట్టారు. తర్వాత ఆ పిల్లల్లో ఒకమ్మాయి వాళ్ల నాయనమ్మ గొంతు రికార్డు చేసింది, ఫ్యాను మోతలో ఒక్క మాటా తెలియలేదు, వేపచెట్టు కిందకి తీసుకెళ్లి మళ్లీ చెప్పించింది. తిరగరాయడమంటే అదీ. అదే వ్యాసం నోటుబుక్కులో మళ్లీ రాయమంటే ఏడుస్తారు.

వర్ణక్రమం పోతుందని మేడం ఇందాక టెన్షన్ పడ్డారు. మాట్లాడితే టైప్ చేసే సౌకర్యం ఉంది కదా ఫోన్లో, అది ఒత్తులు మింగేసి, ళ ఉండాల్సిన చోట ల పెడుతుంది. దాని తప్పులు దిద్దమంటే మా పిల్లలు పోటీలు పడతారు, తమ తప్పులు దిద్దుకోమంటే మాత్రం బద్ధకం.

ఇంకా ఫోటోల గురించి, ఎవరినైనా తీసేముందు అడగాలన్న దాని గురించి చాలా రాసుకొచ్చాను గానీ వదిలేస్తున్నాను. ఒక్కటి తేల్చండి. వచ్చే ఎఫ్‌ఏలో, అంటే ఏడాది మధ్యలో పెట్టే నిర్మాణాత్మక మూల్యాంకనంలో, ప్రాజెక్టు పనికి ఇచ్చే మార్కుల్లో సగం, ఏది చూపించాలి, ఏది వినిపించాలి, ఏది రాయాలి అని పిల్లలు చేసుకున్న ఎంపికకి ఇద్దాం. సరేననేవాళ్లు చేతులెత్తండి. లెక్కల మాస్టారూ, మీరు కూడా.